గోదావరి పేరు మీద ఊదిన ఊపిరి

గోదావరి ఊపిరి బాగున్నదని రాసి సంతకాలు పెట్టినోళ్లారా, మీతోనే మాట్లాడుతున్న. మొఖాలు పక్కకు తిప్పుకోకున్రి. పుణె నుంచి ఏసీ బండ్ల వచ్చిన్రు. బీడీ కార్ఖాన గేటు కాడ టేబులు ఏసుకొని కూసున్నరు. మా ఆడోళ్లతోని మిషన్ల ఊదిపిచ్చుకొని పోయిన్రు. కార్డు చూసిన్రు, కార్డు మీద నంబరు చూసిన్రు. ఎదురుంగ నిలబడ్డ మనిషి మొఖం చూడలే. ఒక్కపారి తలెత్తి చూస్తే, ముసలి సుందరాబాయి కార్డు పట్టుకొని వచ్చింది కాలేజీల కబడ్డీ ఆడే పిల్ల అని ఎవలకైనా తెలుస్తుండె. మీకు తెల్వలే. తెల్వాల్నని మీకు లేకుండె.

ఇది కథ. కథ అనే రాస్తున్న. కార్ఖాన పేరు రాయ, సేటు పేరు రాయ, మా అసలు పేర్లూ రాయ. ఎందుకు రాయనో ముందటికి పోతే మీకే సమజైతది.

బయటోళ్లకు ముందు ఒక ముచ్చట చెప్పాలె. సోలాపూర్ల బీడీ కార్డు ఒక మనిషిది కాదు, ఒక ఇంటిది. కార్డు మీద పేరు తల్లిది ఉంటది. ఆకు కత్తిరిచ్చేది బిడ్డ, తంబాకు నింపి చుట్టేది కోడలు, దారం కట్టేది బడి నుంచి వచ్చిన మనుమరాలు. కట్టలు కట్టినంక కార్ఖానకు మోసుకపోయేది ఆ దినం ఎవలు ఖాళీగుంటే వాళ్లు. కార్ఖానల లెక్క రాసే మునీముకు ఇది తెలుసు, సేటుకు తెలుసు. కాయిదం మీద మాత్రం ఇది తప్పు. ఒకరి కార్డు మీద ఇంకొకరు పనిచేస్తే కార్డు రద్దు చేస్తమని ఎనుకదిక్కు రాసే ఉంటది. సేటుకు పని కావాల్సినప్పుడు ఆ రాత కనబడదు. మనిషిని తీసెయ్యాల్సినప్పుడు కనబడ్తది. కార్డు పోతే ఒట్టి ఆకు, తంబాకే పోవు. పీఎఫ్ పోతది, పిల్లల స్కాలర్‌షిప్ పోతది. బీడీ పనోళ్లకు కట్టిన కుంభారి కాలనీల ఇండ్లల్లకు మేము వచ్చింది కూడ ఆ కార్డు చూపెట్టే.

గోదావరి మా పక్కింటామె. కొంతం చౌక్ ఎనుక అర్రలు వరుసగున్న పాత చాళ్ల ఉన్నప్పుడూ పక్కిల్లే, కుంభారికి వచ్చినంకా పక్కిల్లే. నేను వదిన అంట, ఆమె నన్ను లలితా అంటది. ఆమె పెనిమిటి కొమురయ్య చద్దర్లు నేసే సాంచల మోతల పనిచేసి పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్నడు. ఇద్దరు బిడ్డలు. సిన్నది సోనాలి, తల్లితోని బీడీలు చేస్తది. పెద్దది సాక్షి. తెలుగు బడిల చదివి, కాలేజీల సైన్సు చదివి, పుణెల పెద్ద సంస్థల సైంటిస్టు అయ్యింది. కొమురయ్య కొంతం చౌక్ల చాయ్ తాగుతుంటే పక్కన కూసున్న పరాయి మనిషికి కూడ చెప్తుండె, "మా పోరి సైంటిస్టు. మనుషుల ఊపిరి కొలుస్తది" అని.

ఊపిరే ఎందుకు కొలిచింది? తల్లి దగ్గు విని పెరిగింది గనుక. గోదావరి దగ్గు మొదలైతే గోడ ఇవతల మా ఇంట్ల గిన్నెలు పెట్టుడు ఆపి, అది ఆగేదాక చూస్తుంటిమి. సాక్షి నాతోని ఎప్పుడూ ఒకటే మాట అంటుండె. "అత్తా, అమ్మ దగ్గు కాయిదం ఎక్కాలె. ఇది బీడీ పనితోని వచ్చిన రోగమని ఒక్కపారి రాతల పడ్డదంటే ఇలాజు వాళ్లే చేయించాలె, పింఛను వాళ్లే ఇయ్యాలె." తన సంస్థ పెద్దసారును బతిమిలాడి, బీడీ పనోళ్ల ఊపిరి కొలిచే పరిశోధనల మా సోలాపూర్ను చేర్పిచ్చింది కూడ ఆ పిల్లనే.

తీరా మిషన్లు వచ్చిన దినం ఆ పిల్లను రానియ్యలే. సొంత మనుషులుంటే లెక్క వంకర పోతదని పెద్దసారు అన్నడట. పుణెలనే కూసో, నంబర్లు పంపుతం, లెక్క గట్టు అన్నడు. అదీ సైన్సు రూలేనట. ఉండనీ. మరి కార్ఖాన గేటు కాడ, సేటు పందిరి కింద, సేటు చాయ్ తాగుకుంట మా ఊపిరి కొలిస్తే లెక్క వంకర పోదా? దానికి రూలు లేదా?

మునీము మంగేశ్ ముందు దినమే అందరికి చెప్పిండు, నవ్వుకుంటనే చెప్పిండు. "ఎవలి ఊపిరి తక్కువొస్తే వాళ్లకు ఆరామ్ ఇద్దామంటున్నడు సేటు." ఆరామ్ అంటే కార్డు గుంజుకునుడని మాకు తెల్వదా? ఇది సాక్షి తెచ్చిన మిషన్ అనేది ఎవలి బుర్రకూ ఎక్కలే. కార్ఖాన గేటు కాడ పెట్టిన్రు, కార్ఖాన కార్డు అడుగుతున్నరు, మరి అది కార్ఖాన పరీక్షనే కదా అనుకున్నం. అందుకే ప్రతి ఇల్లు తన ఇంట్ల గట్టి ఊపిరిని ఏరి పంపింది. పంపినం. మల్ల గట్లనే వస్తే మల్ల పంపుతం.

ఆ పొద్దు లైన్ల నిలబడ్డప్పుడు జాతర లెక్కుండె. సుందరాబాయి తన మనుమరాలు ప్రాజక్తను ముందల పెట్టి, "నా పిల్ల ఊదిందంటే మిషన్ పలగాలె, చూస్తుండున్రి" అన్నది.

"మెల్లగ ఊదుమను అవ్వా. నీకు ఇంత దమ్మున్నదని తెలిస్తే సేటు రెండు కార్డుల పని చేపిస్తడు" అన్న నేను.

తల్లి కార్డు పట్టుకొని సోనాలి నిలబడ్డది. గోదావరి పక్కకొచ్చి చెవుల చెప్పింది. "గట్టిగ ఊదకే పోరి, అనుమానమొస్తది."

"మెల్లగ ఊదితే కార్డు పోతది, గట్టిగ ఊదితే అనుమానమొస్తది. ఎట్ల ఊదాల్నో జర నువ్వే ఊదిజూపు!"

అందరం నవ్వినం. గోదావరి కూడ నవ్వింది. నవ్వు దగ్గాయె. దగ్గు ఆపుకోలేక కొంగు నోట్ల కుక్కుకొని గోడ ఎనుకకు ఉరికింది. టేబులు కాడున్న సారు తలెత్తలే. "గోదావరి కొమురయ్య" అని పిలిచిండు. సోనాలి పోయి ఊదింది.

కొన్ని నెలలకు సాక్షి ఫోన్ చేసింది. నేను అక్కడ్నే ఉన్న, ఆకు కత్తిరిస్తున్న. ఫోన్ల సంతోషం నాకు ఇనబడ్డది. "అమ్మా, మీ అందరి ఊపిరి మంచిగున్నదే! నేను ఊకెనే బయపడ్డ. మస్తు గట్టిగున్నరే మీరు!" గోదావరికి అప్పుడే దగ్గు వచ్చింది. ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, మొఖం గోడదిక్కు తిప్పి, అది పోయేదాక దగ్గింది. తర్వాత చెయ్యి తీసి, "మంచిదాయె బిడ్డా. నువ్వు టైముకు తింటున్నవా?" అన్నది.

రిపోర్టు అచ్చయ్యింది. తంబాకు దుమ్ముల పనిచేసినా సోలాపూర్ ఆడోళ్ల ఊపిరి తగ్గలేదని సారం. మీద పెద్దసారు పేరు, దాని కింద సాక్షి పేరు. సేటు దాన్ని అద్దం కట్టిపిచ్చి ఆఫీసు గోడకు తగిలిచ్చిండు. దగ్గుతున్నమని ఎవలు పోయినా మంగేశ్ ఏలు అటు చూపెడ్తడు. "వాచా, మావశీ. సైన్స్ కాయ్ మ్హణ్తే బఘా." చదువుకో చిన్నమ్మా, సైన్సు ఏమంటున్నదో చూడు అని. ఇంగ్లీషుల ఉన్నదాన్ని చదువుకొమ్మంటడు. సిగ్గులేనోడు.

మా కులదైవం మార్కండేయుని రథం తిరిగే పండుగ నాడు సాక్షి ఇంటికొచ్చింది. ఊరంత చౌక్ల ఉన్నది. గోదావరి మాత్రం అంత దూరం పోలేక ఇంట్లనే ఉన్నది. సాక్షి ఆ దినమంత తల్లి పక్కన కూసున్నది. దగ్గు విన్నది, తల్లి మంచంల కూసొని ఊపిరి గుంజుకునుడు చూసింది. పొద్దుమీకి సోనాలిని అడిగింది, నేనూ ఉన్న.

"ఈ ఊపిరితోని ఆ నంబరు ఎట్లొచ్చిందే?"

సోనాలి పకపక నవ్వింది. దానికి ఏం తెలుసు పాపం! "అమ్మదేడిది అక్కా, అది నాది! నేనే ఊదిన. ఫస్ట్ క్లాస్ వచ్చిందట కదా?"

సాక్షి నవ్వలే. "ఇంకా ఎవలెవలు?" అన్నది.

"ఎవలేంది? అందరు. సుందరాబాయి ముసల్ది ఊదుతదనుకున్నవా?"

సాక్షి లేచి బయటికి పోయి మెట్ల మీద కూసున్నది. నేను పోయి పక్కన కూసున్న. ఏడుస్తలేదు. "నేనే లెక్క గట్టిన అత్తా" అన్నది.

పుణెకు పోయి పెద్దసారు ముందల నిలబడ్డది. ఊదింది కార్డు మనుషులు కాదు, లెక్కంత తప్పు, రిపోర్టు ఎనుకకు తీసుకోవాలె అన్నది. సారు శాంతంగ విన్నడట. "పేర్లు తే. ఎవలి కార్డు మీద ఎవలు ఊదిన్రో రాపిచ్చి సంతకాలు తే. అప్పుడు చూద్దాం" అన్నడు.

వారం తిరగకముందే ఆ పిల్ల మల్ల కుంభారిల దిగింది. ఆడోళ్లందరిని గోదావరి ఇంట్ల కూసోబెట్టి అడిగింది. సుందరాబాయే అన్నది. "సంతకం పెట్టుడంటే మా చేతులతోని మా కార్డులు సేటుకు అప్పజెప్పుడే కదనే బిడ్డా? నక్కో, మాకొద్దు."

"అవ్వా, నిజం చెప్పకపోతే మీ రోగం ఎప్పుడూ ఒప్పుకోరు."

"నిజం చెప్తే రేపటి ఆకు ఇయ్యరు. రోగం ఎల్లుండిది. ఆకు రేపటిది."

సాక్షి తల్లిదిక్కు చూసింది. "అమ్మా, నువ్వన్న చెప్పు."

గోదావరి చాట పక్కకు పెట్టింది. ఊపిరి తీసుకోను జరసేపు పట్టింది ఆమెకు. "నువ్వు చదివింది దేని మీదనే? ఆ కార్డు మీద వచ్చిన స్కాలర్‌షిప్ మీద. నా దగ్గు కొరకు ఇన్ని ఇండ్ల పొయ్యిలు ఆర్పుతవా? ఆర్పుతే ఆర్పు. నేను మాత్రం ఏలుముద్ర ఎయ్య."

పేర్లు లేకుండనే సాక్షి సారుకు రాసింది. పేర్లు లేని మాట సైన్సు కాదు అని జవాబొచ్చింది. ఆ పిల్ల కొలువు ఇడిచిపెట్టి, రెండు సంచులు తీసుకొని ఇంటికొచ్చింది.

కొమురయ్య రంధి చెప్పతరం కాదు. చెవులు ఇనబడవు గనుక ఎప్పుడూ కేకేసే మాట్లాడ్తడు. "మరిప్పుడేం చేస్తవే?"

"కథలు రాస్త బాపు."

"ఏందీ?"

"కథలు!"

"కథలు రాయనీకి సైన్సెందుకు చదివినవే? చౌక్ల నా మొఖం ఎట్ల చూపెట్టాలె?"

"బాపు, నిజం చెప్తే కార్డులు పోతయ్. కథ చెప్తే పోవు!"

"ఏందీ?"

ఆ పిల్ల మల్ల అరిచి చెప్పాల్సొచ్చింది. కాలనీ లైనంత ఇన్నది. కొమురయ్యకు ఇనబడ్డదో లేదో, తువ్వాల భుజానేసుకొని బయటికి పోయిండు. ఆ దినం నుంచి కొంతం చౌక్ల చాయ్ బందు పెట్టిండు.

మొదటి కథ చెత్త. మొఖం మీదనే చెప్పిన. మెట్ల కింద నీడకు మేము బీడీలు చేసుకుంట కూసుంటే చదివి ఇనిపిచ్చింది. అందులో మనుషులు లేరు. శ్రామిక మహిళలు ఉన్నరు, శ్వాస సంబంధ సమస్యలు ఉన్నయ్. "ఇది కథనా, దవాఖాన బోర్డా?" అన్న. సాక్షి కోపానికొచ్చింది, కాయిదాలు గుంజుకపోయింది. మల్ల రాసింది. మల్ల మల్ల రాసింది. రాయంగ రాయంగ మా నోట్లె మాటలు అందులకు వచ్చినయ్. పేర్లు మార్చింది. గోదావరిని కృష్ణవేణి చేసింది. కబడ్డీని ఖోఖో చేసింది.

సుందరాబాయి అలిగింది. "కబడ్డీ ఎందుకు తీసేసినవే? మా పిల్ల ఓడిపోయినట్టున్నది."

"అది నీ మనుమరాలు కాదవ్వా. కథల పిల్ల."

"మరి ఆ పిల్ల అవ్వకు నా లెక్కనే పండ్లెందుకు లేవు?"

మస్తు నవ్వినం ఆ దినం. ఎవలి మాట ఎవలదో గుర్తుపట్టుకుంట, "ఇది నువ్వే" "కాదు నువ్వే" అని కొట్లాడుకున్నం. అటుకెళ్లి మంగేశ్ బండి మీద పోతూ ఆగిండు. ఆయన తల్లిది తెలంగాణనే, తెలుగు తెలుసు. "ఏందిది? మన కార్ఖాన గురించేనా?" అన్నడు. అందరం ఒక్కపారే అన్నం, "కథ సాబ్, కథ!" బండి కిక్కు కొట్టి పోయిండు. నా బతుకుల నేను మునీము ముందల నిజం చెప్పి బతికి బట్టకట్టింది ఆ ఒక్క దినమే.

గోదావరి మాత్రం నవ్వలే. చుట్టుకుంట కూసొని అడిగింది. "చివరికి ఆ తల్లి ఊదుతదా? సొంతంగ?"

"ఊదుతదమ్మా."

"ఎంతొస్తది?"

సాక్షి కాయిదాలు అటు ఇటు తిప్పింది.

"అరె, నీకు తెల్వకపోతే ఎవలకు తెలుస్తదే? రాసేది నువ్వే కదా. నీ ఇష్టమొచ్చినంత రాయి. జర ఎక్కువనే రాయి, నా కొరకు."

"రాయొస్తలేదమ్మా. ఎంతమందిదో లెక్కగట్టిన. నీదే కొలువలే." ఆ మాటతోని ఆ పిల్ల మొఖం మారిపోయింది. కాయిదాలు కింద పెట్టి, "రేపు దవాఖానకు పోదాం" అన్నది.

"కార్డు అడుగుతరా?"

"అడగరు."

పొద్దుగాల బస్సుల పోయినం, గోదావరి, సాక్షి, నేను. పెద్ద దవాఖానల మిషన్ ఉన్నది. దాంట్ల ఊదాలంటే లోపలి గాలంత ఒక్కపెట్టున ఇడువాలె, ఇడిసి ఆపకుండ ఊదుతనే ఉండాలె. గోదావరి గొట్టం నోట్ల పెట్టుకున్నది. మిషన్ కాడున్న పోరడు, "జోరాత్, మావశీ, జోరాత్! ఆణఖీ!" అని అరుస్తున్నడు. గట్టిగ, ఇంకా గట్టిగ అని. ఆమె ఊదింది, దగ్గొచ్చింది. మల్ల ఊదింది, దగ్గొచ్చింది. కండ్లు ఎర్రగైనయ్, మెడ నరాలు లేచినయ్, నోట్లెకెళ్లి తెమడ పడ్డది. కొంగుతోని గొట్టం తుడిచి, "చుకల బాబా, చుకల" అన్నది. తప్పయ్యింది నాయినా అని. ఆ పోరనికే ఎదురు మాఫీ అడిగింది.

మిషన్ నంబరు ఇయ్యలే. కాయిదం వచ్చింది. సాక్షి చదివింది. నేను ఏముందని అడిగితే చెప్పింది, "పేషెంటు సహకరించలేదు" అని ఉన్నది.

సహకరించలేదట! పెండ్లయి వచ్చిన దినం నుంచి తంబాకు దుమ్ము తినుకుంట మీ కార్ఖానకు సహకరించిన మనిషి. నేను లొల్లి పెట్టబోతే సాక్షి నా చెయ్యి పట్టింది. "అత్తా, ఇట్లాంటి కాయిదాలు మా దగ్గరికి కూడ వస్తుండె. నంబరు లేనివి లెక్కలకు పనికిరావు. తీసి పక్కన పడేసేటోళ్లం." కాయిదం మడిచి అన్నది, "ఊదలేనోళ్లనే పడేసినం అత్తా. ఊదగలిగేటోళ్లనే లెక్కగట్టినం."

బస్సుల గోదావరి కిటికీ పక్కన కూసొని, "కథల ఇది రాయకే. నాకు ఊదరాలేదంటే నవ్వుతరు" అన్నది.

వానలు పోకముందే ఆమె పోయింది. పొద్దున చూసేటాలకు లేదు. తడి గోనెల ఆకు చుట్టిపెట్టి ఉన్నది, ఆ దినం చుట్టాల్సిన ఆకు. ఆరితే పనికిరాదు. మట్టి చేసి వచ్చి, స్నానాలు చేసి, మేమందరం కూసొని ఆ ఆకు చుట్టినం. సోనాలి దారం కట్టింది. గోదావరి పేరు మీదనే కార్ఖానల ఇచ్చి వచ్చినం.

పనితోని వచ్చిన రోగంతోని చనిపోయిందని లేబర్ ఆఫీసుల అర్జీ పెట్టినం. తిప్పి పంపిన్రు. పనితోని వచ్చిన ఊపిరి రోగం కాదు అని రాసిన్రు. కింద రుజువుగ ఆ రిపోర్టే కుట్టిన్రు. సాక్షి తన పేరు తాను చదువుకున్నది. ఆ దినం కొమురయ్య బిడ్డ పక్కన కూసొని, మొదటిపారి కేకెయ్యకుండ అడిగిండు. "కథల మీ అమ్మ బతికి ఉన్నదా?"

"లేదు బాపు."

"ఉంచవచ్చు కదనే."

ఆ పిల్ల తండ్రి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. దాని ఏడుపు నేను చూసుడు అదే మొదలు.

కథ పూర్తి చేసింది. తల్లి వద్దన్నదే రాసింది, దవాఖాన కాయిదం మీది మాటతో సహా. ఒక పత్రికకు పంపితే, శైలి బాగుంది గాని ముసలామె కార్డు మీద కబడ్డీ పిల్ల ఊదుడు నమ్మేటట్టు లేదు, మార్చి పంపున్రి అని తిప్పి పంపిన్రు. కబడ్డీని మల్ల పెట్టుమన్నది సుందరాబాయేనాయె. సాక్షి మార్చలే. మెట్ల కింద మాకు చదివి ఇనిపిస్తది, ఇంకో కథ రాస్తది. సైన్సు యాదికొస్తదా అని ఒకనాడు అడిగిన. "దగ్గు ఇనబడ్డప్పుడల్లా వస్తది అత్తా" అన్నది.

సార్లూ, సేట్లూ, ఇది అర్జీ కాదు. మల్ల రాన్రి. కార్ఖాన గేటు కాడికి కాదు, కుంభారికి, మా మెట్ల కాడికి రాన్రి. కార్డు అడగకున్రి, మనిషి పేరడగున్రి, మొఖం చూడున్రి. వచ్చే ముందు సేటుతోని రాపిచ్చి తేన్రి, ఎవలి ఊపిరి ఎంతొచ్చినా ఒక్క కార్డు ముట్టనని. ఇంట్ల ఎంతమంది చేతులు పనిచేస్తే అన్ని కార్డులు ఇయ్యాలె, అప్పుడు ఒకరి పేరు మీద ఇంకొకరు ఊదే అవసరం ఉండదు. ఊదలేనోళ్లను పక్కన పడెయ్యకున్రి, వాళ్లనే ముందుగాల రాయున్రి. ఆ గోడ మీది అద్దం దించున్రి. రిపోర్టు తప్పని మీ నోటితోని చెప్పున్రి, మా పేర్లు అడగకుండనే చెప్పున్రి. సుందరాబాయికి నాలుగు దినాల సంది పండుకుంటే ఊపిరాడ్తలేదు, కూసొనే నిద్రపోతున్నది. ఆమెతోని మొదలువెట్టున్రి. రేపే రాన్రి.